సీమెనూనె ఇంటి పొట్టుపొయ్యి

మా అమ్మ పొయ్యిని పేదల పొయ్యి అని రాసినారు. దోవన పోయేవాడెవడో అనింటే విని ఊరుకుందును. ఇది అట్లాంటిది కాదు. కల్లూరులో ఒక బడి, ఆ బడిలో పాతకాలం సామాన్లకని ఒక గది, ఆ గదిలో అద్దాల పెట్టె, ఆ పెట్టెలో మా అమ్మ వంట చేసిన పొట్టుపొయ్యి, దాని ముందర ఒక తెల్ల అట్టముక్క. అట్ట మీద అచ్చు అక్షరాలతో, "పొట్టుపొయ్యి. కిరసనాయిలు కొనే స్తోమత లేని పేదలు వాడేవారు" అని ఉంది. ఆ పొయ్యిని ఆ బడికి ఇచ్చింది నేనే. ఇండ్లల్లో పాత వస్తువులుంటే ఇవ్వండి, పిల్లలకు చూపిస్తాం అని వాళ్ళడిగితే, అటక మీద నుంచి దించి, బూజు దులిపి, తుప్పు గీకి, షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తీసకపోయి ఇచ్చినాను. ఇచ్చేటప్పుడు ఇది మా అమ్మది అని చెప్పినాను. పేదలది అని చెప్పలేదు.

మేము ఉన్నోళ్ళమని నేను చెప్పబోవడం లేదు. కర్నూలు పాతపేటలో ఒక సందు, ఆ సందు మలుపులో ఒంటి అర మట్టిమిద్దె మాది, వెనక ఎద్దు కొట్టం. ఇంట్లో లేనివి శానా ఉండేవి. నాకు బడి లేదు. అక్షరాలు గుర్తుపట్టినంత వరకే పోయినాను, మిగతా చదువంతా అంగళ్ళ బోర్డుల మీద, బొరుగుల పొట్లం కట్టిన కాగితాల మీద, ఆ తర్వాత గ్రంథాలయం బెంచీల మీద నేనే చదువుకున్నాను. పండగకు తప్ప కొత్త బట్ట లేదు. కానీ కర్నూలంతా వెతికినా మా ఇంట్లో ఉన్నంతగా ఇంకెవరింట్లోనూ లేనిది ఒకటుండేది. అది కిరసనాయిలే. మా నాయన మద్దిలేటి కిరసనాయిలు బండి తోలేవాడు. మేం దాన్ని సీమెనూనె అనేవాళ్ళం. ఒంటెద్దు బండి మీద పొడుగాటి ఇనుప పీపా, వెనకాల ఇత్తడి కొళాయి, కొళాయి కింద నూనె మరకలతో నల్లబడిన గోనెపట్టా. ఆ మనిషి ఇంట్లో పొట్టుపొయ్యి ఎందుకుండింది అని ఒక్కరైనా అడిగింటే, ఆ అట్టముక్క మీద ఆ మాట పడుండేది కాదు.

సీమెనూనె వాసన తెలియని పిల్లలకు ఇప్పుడు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. అది మా నాయన వాసన. పొద్దున సున్నిపిండి రుద్దుకొని స్నానం చేసి, నొసట విబూది పెట్టుకొని బయలుదేరినా, మధ్యాహ్నానికి ఆయన అరచేతుల్లోంచి, మీసాల్లోంచి, చెవులెనక నుంచి ఆ వాసనే వచ్చేది. ఎద్దుకు కూడా అదే వాసన. ఆ నూనెతో ఊరు ఎన్ని పనులు చేసుకునేదో చెప్పలేను. బుడ్డిదీపానికి అదే, లాంతరుకు అదే. నులకమంచంలో నల్లులు పడితే సందుల్లో అదే పోసేది. దూలాలకు చెదలు పట్టితే అదే పూసేది. బండి ఇరుసుకు పట్టిన పాత కందెన కడగాలన్నా, తడికట్టెలు అంటుకోవాలన్నా, పిల్లల తలల్లో పేలు చావాలన్నా అదే. కొంచెం కలిగినోళ్ళు పంపుస్టవ్వులు కొన్నారు. గాలి కొట్టి అంటించితే అది చేసే బుసబుస చప్పుడు మూడిండ్ల అవతలికి వినిపించేది, ఆ చప్పుడు వినిపించాలనే కొందరు కొన్నారని మా అమ్మ అనేది.

మా అమ్మ ఈరమ్మది పత్తికొండ పక్క పల్లె. చెట్టు చేమ తక్కువ, వాన ఇంకా తక్కువ, కట్టెలంటే కొనేవి కావు, ఏరుకొచ్చేవి. ఆ పల్లెలో ఆడపిల్ల పెండ్లికి ఎదిగే లోపల ఏది ఎట్లా మండుతుందో నేర్చుకోవాల. పత్తికట్టె చురుక్కుమని అంటుకొని తొందరగా ఆరిపోతుంది, రొట్టెలకు అదే మేలు. కందికట్టె నిదానం, పప్పుకు పనికొస్తుంది. జొన్న కొయ్యలు వేర్లతో సహా పీకి, మన్ను దులిపి ఎండబెడితే నీళ్ళు కాగడానికి చాలు. ఆముదపు కట్టె పొగ కండ్లు పేలుస్తుంది, దాన్ని ఆరుబయట మాత్రమే పెట్టాల. పిడక మాత్రం నిప్పు దాచుకునేదానికి. రాత్రి వంట అయినాక ఒక పిడకను బూడిదలో కప్పిపెడితే తెల్లారేదాకా లోపల లోపలే కణకణమంటా ఉంటుంది. మా సందులో అగ్గిపెట్టె గీసే ఇల్లు తక్కువ. పొద్దున్నే ఆడోళ్ళు పిడకముక్క పట్టుకొని మా వాకిట్లోకి వచ్చి, "ఈరమ్మా, రవ్వంత అగ్గి పెట్టు తల్లీ" అనేవాళ్ళు. మంగళవారం, శుక్రవారం మాత్రం అమ్మ అగ్గి ఇచ్చేది కాదు, ఇంటి లక్ష్మి పోతుందని. ఆ రోజుల్లో వాళ్ళు ఎదురింటి ఫాతింబీ దగ్గరికి పోయేవాళ్ళు. ఫాతింబీకి ఆ పట్టింపు లేదు. ఆమె శుక్రవారం నమాజుకు కూర్చుంటే మాత్రం మధ్యలో లేచేది కాదు, కాబట్టి అంతలోపలే పోవాలని అందరికీ తెలుసు.

అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నాయన సంబరంగా ఒక డబ్బా నూనె తెచ్చి పొయ్యి పక్కన పెట్టినాడంట. అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి ఎద్దు కొట్టంలో పెట్టి వచ్చిందంట. "అన్నం ఆ వాసనొస్తే నేను తినలేను" అని మొదట చెప్పింది. అది సగం కారణమే. మిగతా సగం నాకు కొంచెం పెద్దయినాక చెప్పింది. "రేయ్ నాయనా, అంగడి పెట్టుకున్నోని ఇంట్లో ఆ సరుకు పొయ్యిలో మండితే, రేపు కొలతలో చుక్క తగ్గినా జనం మన పొయ్యి పక్కే చూస్తారు. మీ నాయన కొలిచే చెయ్యి నమ్మకంగా ఉండాలంటే నా పొయ్యిలో సీమెనూనె ఉండగూడదు." మా లాంతరుకు కావాల్సిన నూనె కూడా ఆమె కొట్టంలోంచి తీసుకునేది కాదు. బండి సందులోకి వచ్చినప్పుడు, మెడకు దారం కట్టిన సీసా పట్టుకొని ఆడోళ్ళ వరసలో నిలబడేది. నాయన అందరికీ పోసి, ఆఖరున ఆమెకు పోసేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. పీపా మధ్యలోనే అయిపోతే ఆ రాత్రి మా ఇంట్లో ఆముదం దీపం. ఇది చూసి సందంతా నవ్వేది. "ఏమ్మా ఈరమ్మా, మొగుని దగ్గర కూడా వరసేనా?" అంటే, "మొగుని దగ్గర కాదక్కా, బండి దగ్గర" అనేది.

ఇంక పొయ్యి సంగతి. దాన్ని అమ్మే చేయించింది. నూనె ఖాళీ అయిన చదరపు రేకుడబ్బా ఒకటి తీసుకొని, రేకుల పని చేసే ముసలాయనతో మూత కోయించి, అడుగున ఒక పక్క పిడికిలి పట్టేంత బొక్క కొట్టించింది. శెనక్కాయల మిషను దగ్గర పొట్టు కుప్పలు కుప్పలుగా పడుండేది. మిషనోళ్ళకు అది అడ్డం, ఎవరన్నా తీసకపోతే చాలనేవాళ్ళు. నేను గోనెసంచికి ఎత్తుకొని వచ్చేవాణ్ణి. పొయ్యి నింపే పని నాది. డబ్బా నడుమ ఒక నున్నటి రోకలి ముక్క నిలబెట్టి, కింది బొక్కలోంచి ఇంకో కట్టె దూర్చి రోకలిని తాకించాల. ఆ రెంటి చుట్టూ పొట్టు పోస్తా, పిడికిలితో కొడతా, మళ్ళా పోస్తా, మళ్ళా కొట్టాల. పొట్టు గట్టిబడినాక రోకలిని తిప్పుకుంటా పైకి తీయాల, కింది కట్టెను పక్కకు లాగాల. లోపల సన్నటి గొట్టం మాదిరి దారి ఏర్పడుతుంది. తిప్పకుండా లాగితే గోడ కూలిపోతుంది, ఇంక ఆ పూటంతా పొగే. అమ్మ వచ్చి డబ్బా పక్కన వేలితో కొట్టి చప్పుడు వినేది. బోలుగా మోగితే, "ఇంగా ఆకలిగుండాది దానికి, పెట్టు" అనేది. బాగా కూరినాక, బూడిదలో దాచిన నిప్పు ముక్కను నాలుగు పత్తిపుల్లలతో కింది బొక్కలో పెట్టి ఊదితే, మంట ఆ గొట్టంలోంచి పైకి లేచేది. కొంచెం సేపు పొగ, ఆ తర్వాత పొగ లేదు. ఎర్రగా, నిలకడగా, చప్పుడు లేకుండా మండేది. ఒకసారి నింపితే అన్నం, పప్పు, పుల్లగూర, స్నానానికి నీళ్ళు, అన్నీ అయ్యేవి. మిగిలిన బూడిదతో ఆమె గిన్నెలు తోమేది.

పొగ లేకపోవడమే మా మీదికి వచ్చింది.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. ఊరి బయట గుడారాలు వేసినారు, ఎక్కడెక్కడి నుంచో ఆఫీసర్లు, గుమాస్తాలు, వాళ్ళ పెండ్లాం పిల్లలు దిగినారు. ఎద్దులు కట్టేసే కొట్టాలు కూడా అద్దెకు పోయినాయి. వచ్చినోళ్ళందరూ స్టవ్వుల మీదే వండుకునేవాళ్ళు, రాత్రి లాంతర్లు పెట్టుకొని ఫైళ్ళు రాసుకునేవాళ్ళు. ఊరు పెరిగినంతగా నూనె పెరగలేదు. నాయనకు ముందు రోజూ నిండు పీపా ఇచ్చే ఏజెంటు సగం పీపా ఇయ్యబట్టినాడు, ఒక్కోరోజు అదీ లేదు. బండి సందులోకి రాకముందే సీసాలు, డబ్బాలు వరసగా పెట్టి, సీసాల పక్కన రాళ్ళు గుర్తులు పెట్టుకొని జనం కూర్చునేవాళ్ళు. నూనె అయిపోగానే తిట్లు. తిట్లు ఏజెంటుకు తగలాల్సినవి, బండి తోలే మనిషికి తగిలేవి. నాయన తక్కువ మాట్లాడే మనిషి. తిట్టినోనికి రేపు ముందర పోస్తానని చెప్పి ఎద్దును అదిలించేవాడు.

మా ఇంటికి ఎదురుగా, ఫాతింబీ ఇంటి పక్కన, సుంకన్న అనే దర్జీ ఉండేవాడు. మంచి పనిమంతుడు, నోరు మాత్రం చెడ్డది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు కోట్లూ ప్యాంట్లూ కుట్టియ్యమని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. పగలంతా కత్తిరించి, పొద్దుగూకినాక లాంతరు పెట్టుకొని కుట్టేవాడు. నూనె లేకపోతే ఆయన మిషను ఆగిపోయేది. ఆయన కోపానికి కారణం లేకపోలేదు, అది నేను అప్పుడే ఒప్పుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఆయన సీసా దగ్గరికి వచ్చేసరికి కొళాయి బొట్లు బొట్లుగా కారి ఆగిపోయింది. సుంకన్న సీసాను ఎత్తి ఎండలో పెట్టి చూసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, వరసలో ఉన్న అందరికీ వినపడేట్లు అన్నాడు.

"ఏమప్పా మద్దిలేటీ, నీకొక మాట అడగల్ల. ఈ సందులో పొద్దునా సాయంత్రం ఏ మిద్దె గవాక్షిలో నుంచి చూసినా పొగొస్తాండాది. నీ మిద్దె మీద మాత్రం రాదు. పొగ ల్యాకుండా అన్నం ఎట్ల ఉడుకుతాండాదప్పా మీ యింట్లో?"

నాయన కొళాయి తుడుస్తా, "పొట్టుపొయ్యి సుంకన్నా" అన్నాడు.

"పొట్టుకు పొగ రాదా? మా అవ్వ పొట్టు పెట్టి మంటేస్తే పక్క ఊరోళ్ళు దగ్గినారు. నేను కుట్లు వేసేటోణ్ణి, నాకు కండ్లుండాయి. పీపాలో సగం నీ కొట్టంలో దిగబోసి, మిగతా సగం మాకు పోస్తాండావు."

నాయనకు గుచ్చుకుంది. సుంకన్న అన్నందుకు కాదు, మిగిలినవాళ్ళు నవ్వనందుకు. వాళ్ళంతా ఒకసారి తలలెత్తి మా మిద్దె వైపు చూసినారు. నేను కూడా చూసినాను. ఎండిన మట్టి మిద్దె, మధ్యలో పొగ పోయేదానికి వదిలిన గవాక్షి, దాని మీద నీలం ఆకాశం. లోపల అమ్మ ఆ పొద్దులో పప్పు వండుతా ఉంది. ఒక్క పోగు పొగ లేదు.

ఆ మాట ఏజెంటు దాకా పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎల్లుండి మా గుమాస్తా వస్తాడు, ఇల్లు చూస్తాడు, కొట్టం చూస్తాడు, ఆయన చెప్పిన దాన్ని బట్టి బండి ఉంచాలో తీసేయాలో చూస్తాం అని కబురు పెట్టినాడు. బండి, పీపా రెండూ ఏజెంటువి. ఎద్దు ఒకటే మాది. బండి పోతే మా నాయన ఆ ఎద్దుతో సేద్యం చేసేదానికి గుంటెడు నేల కూడా లేదు. అంతకంటే పెద్ద సంగతి, దొంగ అని తీసేసిన మనిషికి ఊళ్ళో ఇంకెవరూ బండి ఇయ్యరు.

నాయన ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. చెప్పాల్సిందంతా చెప్పి, చివరగా ఒక మాట అన్నాడు. "ఏమ్మే, ఈ నాలుగు దినాలు పొట్టు ఆపి, పచ్చి ఆముదపు కట్టె పెట్టు. పొగ రానీ. జనం చూడనీ."

అమ్మ చేటలో ఉలవలు చెరుగుతా ఉంది. చెరగడం ఆపలేదు. "పొగ పెట్టాల్నా?"

"పెట్టితే నోళ్ళు మూతపడ్తాయి."

"అంటే ఇన్ని దినాలు మనం సీమెనూనె కాల్చినాం, మాట పడినాక భయపడి కట్టె పెట్టినాం అని నేనే సాక్ష్యం చెప్పాల్నా? గవాక్షిలోంచి?"

"నా పేరు పోతాండాది ఈరమ్మా."

"నీ పేరు కోసరమే గదయ్యా నేను ఇన్నేండ్లు నీ బండి దగ్గర సీసా పట్టుకొని నిలబడింది. ఇప్పుడు అబద్ధం పొగ పెట్టి దాన్ని నేను చెడగొట్టను. కండ్లు మండేది నావి, పేరు చెడేది నీది, సంతోషం సుంకన్నకు. ఇదేమి బేరం?" అని చేట కింద పెట్టింది. "ఆ గుమాస్తా యా పొద్దుకొస్తాడో కనుక్కో."

గుమాస్తా వచ్చేది వంట పొద్దుకేనని తెలిసింది. ఆ రోజు అమ్మ పొయ్యిని ఇంట్లో నింపలేదు. ఖాళీ డబ్బాను బయటికి తెచ్చి, సందు నడుమ, అందరూ నడిచే చోట పెట్టింది. పక్కన పొట్టు సంచి కుమ్మరించింది, ఉలవల కుండ, నీళ్ళ గుండిగ కూడా ముందే తెచ్చి పెట్టుకుంది. నన్ను పిలిచి కూర్చోబెట్టింది. ఫాతింబీని పిలిచి, "నువ్వు మా ఇంటికి అడ్డం నిలబడు బూబమ్మా, లోపలికి ఎవరూ పోగూడదు, లోపలి నుంచి ఏదీ బయటికి రాగూడదు" అన్నది. ఫాతింబీ పవిట నడుముకు చుట్టుకొని గడప మీద కూర్చుంది. "దేఖో, నా మీదుగా ఈగ కూడా పోదు" అన్నది. ఆమె కూర్చున్న తీరు చూస్తే అది నిజమే అనిపించింది. గడపలో ఈగకు చోటు లేదు.

గుమాస్తా గొడుగు పట్టుకొని వచ్చినాడు. సన్నగా, పద్ధతిగా ఉండే మనిషి. ముందు ఫాతింబీ మీదుగా ఇంట్లోకి చూసినాడు, తర్వాత కొట్టం చూసినాడు, అక్కడ ఎద్దు, గడ్డి, ఖాళీ పీపా తప్ప ఏమీ లేదు. సుంకన్న కూడా మెడలో టేపు వేసుకొని వచ్చి నిలబడినాడు. అమ్మ ఆయనకే పీట వేసింది. "దగ్గరికి రా అన్నా. దూరం నుంచి చూసినందుకే గదా ఇంత దూరం వచ్చింది. ఈడ కూర్చొని చూడు."

సుంకన్న కూర్చొని, వంగి, డబ్బాలోకి ముక్కు పెట్టి వాసన చూసినాడు. మొహం వెలిగింది. "చూసినారా సామీ, సీమెనూనె వాసనే. డబ్బానే చెప్తాండాది."

"డబ్బా సీమెనూనెదే" అన్నది అమ్మ. "నీ యింట్లో జొన్నలు పోసుకునేది యా డబ్బాలో? నీళ్ళు మోసేది యా డబ్బాతో? నీ యింటి పంచకు వేసిన రేకు యా డబ్బాది? రేపు నీ యింట్లో జొన్నలు తిన్నోళ్ళందరూ సీమెనూనె తాగినారని నేను అరవాల్నా?"

ఈసారి నవ్వినారు. మొన్న నవ్వనోళ్ళందరూ నవ్వినారు. గుమాస్తా కూడా గొడుగు చాటున మూతి తుడుచుకున్నాడు. ఆ నవ్వు విని నాయన మొదటిసారి తల ఎత్తినాడు.

నేను రోకలి నిలబెట్టి పొట్టు కూరడం మొదలుపెట్టినాను. అమ్మ ఎప్పటి మాదిరే వేలితో కొట్టి విన్నది, ఇంకా పెట్టు అన్నది, పెట్టినాను. రోకలిని తిప్పుకుంటా పైకి తీసినాను. గోడ కూలలేదు. అమ్మ ఫాతింబీ పొయ్యిలో నుంచి పిడక నిప్పు తెచ్చి కింది బొక్కలో పెట్టి ఊదింది. తెల్లటి పొగ లేచింది. సుంకన్న, "ఇదో, వచ్చె గదా పొగ" అన్నాడు. "ఉండు" అన్నది అమ్మ. పొగ పలచబడింది, ఇంకొంచెం పలచబడింది, మంట పైకి వచ్చి డబ్బా అంచును తాకింది, పొగ పోయింది. అమ్మ దాని మీద ఉలవల కుండ పెట్టింది. వంటల్లోకెల్లా ఎక్కువసేపు ఉడికేవి ఉలవలు. కావాలనే పెట్టింది. పూట గడిచే వంట పెడితేనే పూటంతా చూస్తారని ఆమె లెక్క. జనం నిలబడి నిలబడి కూర్చున్నారు. కూర్చున్నోళ్ళు మాటల్లో పడినారు. ఆడోళ్ళు ఇండ్లకు పోయి తమ పొయ్యిలు చూసుకొని, కండ్లు తుడుచుకుంటా మళ్ళీ వచ్చినారు. మా సందులో ఆ పొద్దు ప్రతి గవాక్షి నుంచీ పొగ వస్తా ఉంది, మధ్యలో అందరి ముందరా ఈ ఒక్క పొయ్యి చప్పుడు చేయకుండా, పొగ లేకుండా మండుతా ఉంది. ఉలవలు మెత్తబడినాయి. అమ్మ ఒక గింజ తీసి వేళ్ళతో నలిపి గుమాస్తాకు చూపించింది. కుండ దించి, ఇంకా మంట ఉందని నీళ్ళ గుండిగ పెట్టింది.

గుమాస్తా గొడుగు ముడిచినాడు. "బండి మీదే" అని నాయనతో చెప్పి, రెండడుగులు వేసి, మళ్ళా వెనక్కి వచ్చి అమ్మను అడిగినాడు. "అమ్మా, ఆ నడుమ రోకలి ఎంత లావుండల్ల? మా ఇంట్లో ఆమెకు చెప్పాల."

సుంకన్న మన్నించమని అడగలేదు. అమ్మ ఆయన అడుగుతాడని ఎదురు చూడనూ లేదు. కానీ ఆ వారంలోనే ఆయన భార్య ఒక ఖాళీ డబ్బా చంకన పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చి, "వదినా, మా ఆయన చెప్పొద్దన్నాడు గానీ, నాకూ ఒకటి చేయించు" అన్నది. ఆ వెనక సందులో ఒక్కొక్క ఇల్లే. రేకుల ముసలాయనకు చేతినిండా పని. శెనక్కాయల మిషను దగ్గరికి నేనొక్కణ్ణే పోయే దారిలో ఆడోళ్ళు గుంపుగా సంచులతో పోబట్టినారు. పంపుస్టవ్వు బుసబుసలు ఆగిపోయిన ఇండ్లు కూడా ఉన్నాయి. స్టవ్వులకు పోయే నూనె ఆ మేరకు మిగిలి, సుంకన్న లాంతరుకు అందింది. దసరాకు ఆయన నాకొక చొక్కా కుట్టి పంపినాడు. భుజాల దగ్గర కొంచెం బిగువు. కొలతలు తీసుకోకుండా, తన కిటికీలోంచి నన్ను చూసి కుట్టినాడు. అది వేసుకొనే నేను ఆ ఏడు బండి వెంట తిరిగినాను. వరసలో జనం నాయన చేతిని చూసే చూపు మారింది. మా అమ్మ మాత్రం ఏమీ మార్చుకోలేదు. సీసా పట్టుకొని ఆఖరుకే నిలబడింది.

ఇప్పుడు మా కోడలు నీలం మంట మీద వండుతుంది. గుండీ తిప్పితే చాలు. ఇంకొకటి ఉంది, మంటే లేకుండా పాలు పొంగిస్తుంది. నేను వాటిని తక్కువ చెయ్యను. మా అమ్మ బతికుంటే మొదటి సిలిండరు ఆమే తెచ్చుకొనుండేది, వాసన చూసి, మంట చూసి, పొగ లేదని మెచ్చుకొనుండేది. పొట్టు సరిగా కూరని రోజున ఆ పొయ్యి పక్కన కూర్చున్నోళ్ళ దగ్గు నాకు ఇంకా గుర్తుంది. సీమెనూనె బండ్లు పోయినాయి, ఆ తర్వాత వచ్చిన నూనె కార్డులు పోయినాయి, ఆ వాసన కూడా ఊళ్ళోంచి పోయింది. పోనీ. నాకు బాధ దానికి కాదు. పాతదంతా లేమితోనే పుట్టిందని అనుకునే ఒక అలవాటు వచ్చింది ఇప్పుడు. జొన్నరొట్టె తిన్నారంటే బియ్యం లేక, నడిచినారంటే బండి లేక, పొట్టు కాల్చినారంటే నూనె లేక. కావాలని, తెలిసి, పట్టుబట్టి చేసిన పనులు కూడా మావాళ్ళు చేసినారని ఎవరూ నమ్మడం లేదు. మా అమ్మ ఇంటి వెనక కొట్టంలో పీపా నిండా నూనె పెట్టుకొని, దాంట్లో చెయ్యి పెట్టని మనిషి. ఆమె నూనె కొనలేక ఊరుకున్న మనిషి అని అట్ట మీద రాసి పెడితే, సుంకన్న అన్న మాటకూ ఈ మాటకూ ఏం తేడా? సుంకన్న ఒక సందులో అన్నాడు. వీళ్ళు అద్దం వెనక పెట్టినారు, పిల్లలు వరసగా వచ్చి చదువుకుంటా పోతాండారు.

బడి వాళ్ళకు ఉత్తరం రాసినాను. జవాబు లేదు. మళ్ళా రాసినాను. పోయి అడిగితే, ఆ గది చూసే టీచరమ్మ సెలవులో ఉందన్నారు. ఇంకోసారి పోతే పరీక్షలన్నారు. అక్కడ గంట కొట్టే జవాను, "తాతా, ఒక్క మాట కోసం ఇన్ని తూర్లు తిరుగుతాండావే, పోనీలే" అన్నాడు. ఒక్క మాటే గదా తీసేయమంటాండా, తీసేయనీకి మీకెందుకప్పా ఇంత కష్టం అన్నాను. ఆ తర్వాత ఇంటికొచ్చి, ఇక్కడ చెప్పిందంతా, బండి, వరస, సుంకన్న, ఉలవలు, అన్నీ విడమర్చి పెద్ద ఉత్తరం రాసి పంపినాను. అట్ట మీద ఏం రాయాలో కూడా నేనే రాసిచ్చినాను. పోయిన వారం ఆ టీచరమ్మ చేత్తో రాసిన జవాబు వచ్చింది. ఇది ఆ జవాబు:

"అయ్యా, నమస్కారం. మీ ఉత్తరాలన్నీ అందినాయి. ఆలస్యానికి తప్పు నాదే. మీరు రాసిచ్చినదంతా ఆ అట్ట మీద పట్టదు. అందుకని పాతది తీసేసి ఒక్క ముక్కే రాయించినాను: 'కిరసనాయిలు అమ్మే ఇంట్లో ఈరమ్మ గారు వంట చేసిన పొట్టుపొయ్యి.' పేదలు అనే మాట లేదు. అయితే కొత్త చిక్కు వచ్చింది. ముందు పిల్లలు ఆ అట్ట చదివి పక్క సామాను దగ్గరికి పోయేవాళ్ళు. ఇప్పుడు ఒక్కరూ కదలడం లేదు. నూనె అమ్మేవాళ్ళు నూనె ఎందుకు కాల్చలేదు మేడం అని అడుగుతాండారు. మీ ఉత్తరం చదివి వినిపించినాను. సగం మందికి నమ్మకం కుదరలేదు, పొట్టు పొగ లేకుండా ఎట్లా మండుతుందని వాదిస్తాండారు. శనివారం మధ్యాహ్నం రండి. పొయ్యిని అద్దంలోంచి బయటికి తీసి ఆవరణ నడుమ పెడతాం. పొట్టు సంచి తెప్పించినాను. ఉలవలు మా ఇంట్లో ఉన్నాయి, నేను తెస్తాను."